జన్యుగ్రంథం కూర్చిన విద్యార్థులు

కాలిఫోర్నియా తీరంలోని శాంతాక్రూజ్ విశ్వవిద్యాలయంలో గణన జీవశాస్త్రం అభ్యసించిన పరిశోధక విద్యార్థులు మానవ జన్యుపాఠాన్ని కూర్చడంలో ముందు నిలిచి, దాన్ని ప్రపంచమంతటికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. ఆ చదువు ఎలా సాగుతుంది, దానికి విద్యార్థి చెల్లించే మూల్యం ఏమిటి, తెలుగువారికి దానితో ఉన్న అనుబంధం ఎంత అన్నదే ఈ వారం ముఖచిత్ర కథనం.

గణన జీవశాస్త్రం రెండు పాత విద్యల కలయికలో పుట్టిన కొత్త విద్య. శరీరంలోని దాదాపు ప్రతి కణంలోనూ ఉండే డీఎన్‌ఏ అణువు అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అనే నాలుగు క్షారాల వరుస అనీ, ప్రొటీన్ల తయారీకి కావలసిన ఆదేశాలన్నీ ఆ వరుసలోనే ఇమిడి ఉంటాయనీ ఇరవయ్యో శతాబ్దపు జీవశాస్త్రం నిరూపించింది. శాస్త్రవేత్తలు ఈ క్షారాలను ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలతో సూచిస్తారు. మనిషికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున సంక్రమించే జన్యుసముదాయాల్లో, అంటే జీనోమ్‌లలో, ఒక్కొక్కదానిలోనే సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి కాబట్టి వాటిని కంటితో చదివి, కాగితం మీద పోల్చి అర్థం చేసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ వరుసలను పోల్చడానికి, ముక్కలుగా దొరికిన వాటిని కూర్చడానికి, వాటిలో అర్థవంతమైన భాగాలను గుర్తించడానికి కావలసిన గణిత నమూనాలనూ, ఒక లెక్కను అంచెలంచెలుగా పూర్తిచేసే ఆల్గరిదమ్‌లనూ రూపొందించే శాస్త్రమే గణన జీవశాస్త్రం.

ఈ రంగంలో వచ్చిన విజయాలను తలచుకునేటప్పుడు పెద్ద యంత్రాల పేర్లు, పెద్ద సంస్థల పేర్లు, దేశాధినేతల ప్రకటనలు ముందుగా గుర్తుకు రావడం సహజం. అయితే ఆ విజయాలకు ఆధారమైన ప్రోగ్రాముల్లో చాలా వాటిని రాసిన చేతులు పీహెచ్‌డీ కోసం శ్రమిస్తున్న విద్యార్థులవి, లేదా పట్టా పుచ్చుకుని రెండు మూడేళ్లయినా గడవని యువ పరిశోధకులవి. జీవశాస్త్రాన్నీ కంప్యూటర్ శాస్త్రాన్నీ ఒకే బుర్రలో కలిపే శిక్షణ, అసలైన సమస్యను విద్యార్థి చేతికి అప్పగించే నమ్మకం, ఫలితాన్ని అందరికీ తెరిచి ఉంచే నియమం ఒకచోట కలిసినప్పుడు ఒక మోస్తరు విశ్వవిద్యాలయం కూడా శాస్త్రచరిత్రను మలుపు తిప్పగలదని చెప్పడానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంతాక్రూజ్ ప్రాంగణం కంటే బలమైన ఉదాహరణ దొరకదు.

వైద్య కళాశాల లేని చోట

మాంటెరే అఖాతానికి ఎగువన, రెడ్‌వుడ్ చెట్ల అడవిలో 1965లో మొదలైన శాంతాక్రూజ్ ప్రాంగణానికి సొంత వైద్య కళాశాల లేదు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ ప్రాంగణాలకున్నంత పేరూ అప్పట్లో లేదు. అలాంటి చోట 1985 మే నెలలో అప్పటి చాన్సలర్, స్వయంగా జీవభౌతిక శాస్త్రవేత్త అయిన రాబర్ట్ సిన్‌షైమర్ కొందరు ప్రముఖ శాస్త్రవేత్తలను పిలిచి, మనిషి జన్యుసముదాయాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం సాధ్యమా అన్న ప్రశ్న మీద సమావేశం జరిపించాడు. ఆ ప్రశ్నను పట్టుదలగా చర్చించిన తొలి సమావేశాల్లో అదొకటి. ఆ పనికి అవసరమైన నిధులు శాంతాక్రూజ్‌కు దక్కలేదు గానీ ఆలోచన మాత్రం దేశమంతటా పాకి, 1990లో అమెరికా ప్రభుత్వం అధికారికంగా మానవ జన్యుసముదాయ ప్రాజెక్టును ఆరంభించింది.

1986లో శాంతాక్రూజ్‌లో అధ్యాపకుడిగా చేరిన డేవిడ్ హాస్లర్‌కు గణితం, కంప్యూటర్ శాస్త్రం మాతృరంగాలు. కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆండ్రే ఎరెన్‌ఫోయిష్ట్ అనే గణితవేత్త దగ్గర ఆయన పీహెచ్‌డీ చేశాడు. అదే గురువు దగ్గర చదివిన జీన్ మయర్స్ తరువాతి కాలంలో సెలెరా అనే ప్రైవేటు కంపెనీ తరఫున మానవ జన్యుసముదాయాన్ని కూర్చే ప్రోగ్రాముకు ప్రధాన శిల్పి అయ్యాడు. మానవ జన్యుసముదాయం కోసం పోటీపడిన ప్రభుత్వ ప్రాజెక్టు, సెలెరా అనే రెండు పక్షాల గణన మేధస్సు ఒకే గురుకులం నుంచి వచ్చిందన్న ఈ విశేషం, ఈ రంగంలో గురుశిష్య పరంపరకు ఎంత ప్రాధాన్యం ఉందో తెలియజేస్తుంది.

హాస్లర్ బృందం తొలి ఘనత హిడెన్ మార్కోవ్ నమూనా అనే సంభావ్యతా పద్ధతిని ప్రొటీన్ల అధ్యయనానికి మలచడం. మనిషి మాటలను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేయడానికి అప్పటికే వాడుకలో ఉన్న ఈ పద్ధతిలో, పైకి కనిపించే వరుస వెనుక కంటికి కనిపించని స్థితుల వరుస ఒకటి ఉందని ఊహించి, కనిపించే దాన్ని బట్టి కనిపించని దాన్ని లెక్కగడతారు. ఒకే కుటుంబానికి చెందిన ప్రొటీన్లలో ఏ స్థానంలో ఏ అమైనో ఆమ్లం ఎంత సంభావ్యతతో వస్తుందో, ఎక్కడ కొత్త భాగాలు చొరబడతాయో, ఎక్కడ పాతవి రాలిపోతాయో నమూనాకు ముందుగా నేర్పితే, కొత్తగా దొరికిన ప్రొటీన్ ఆ కుటుంబానికి చెందుతుందో లేదో అది అంకెల్లో చెప్పగలదు. 1994లో వెలువడిన ఆ పరిశోధన పత్రం రచయితల్లో హాస్లర్‌తోను, డెన్మార్క్ నుంచి వచ్చిన ఆండర్స్ క్రోతోను పాటు పరిశోధక విద్యార్థులు కూడా ఉండడం గమనించదగిన విషయం. ప్రొటీన్ కుటుంబాలను వర్గీకరించే సాధనాలు చాలా వరకు నేటికీ ఈ పద్ధతి మీదే ఆధారపడి పనిచేస్తున్నాయి.

ఒక విద్యార్థి, నాలుగు వారాలు, పది వేల పంక్తులు

1999 చివరలో మానవ జన్యుసముదాయ ప్రాజెక్టు నాయకుల్లో ఒకడైన ఎరిక్ లాండర్, చదివిన డీఎన్‌ఏలో జన్యువులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించడానికి హాస్లర్ సాయం కోరాడు. జన్యువులను వెదకాలంటే ముందు పాఠం ఒక వరుసలో ఉండాలి. అప్పటికి ప్రాజెక్టు చేతిలో ఉన్నదల్లా సుమారు 4 లక్షల విడి ముక్కలు మాత్రమే. ఏ యంత్రమూ ఒక క్రోమోజోమును ఈ చివర నుంచి ఆ చివర దాకా ఏకధాటిగా చదవలేని ఆ కాలంలో, డీఎన్‌ఏను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగా చదివి, ఒకదాని చివరి భాగం ఇంకొకదాని మొదటి భాగంతో ఎక్కడ కలుస్తుందో చూసి అతకడమే మార్గంగా ఉండేది. దీన్నే కూర్పు అంటారు. మానవ జన్యుసముదాయంలో దాదాపు సగం మళ్లీ మళ్లీ వచ్చే వరుసలే కావడం ఈ పనిలోని అసలు చిక్కు. పల్లవి పదే పదే వచ్చే కీర్తనల పుస్తకాన్ని చింపి పోగు పెడితే, పల్లవి ఉన్న ముక్క ఏ చరణం పక్కన చేరాలో తేల్చుకోవడం ఎంత కష్టమో ఇదీ అంత కష్టం.

జిమ్ కెంట్ అప్పటికి శాంతాక్రూజ్‌లో జీవశాస్త్ర పరిశోధక విద్యార్థి. అంతకు ముందు చాలా ఏళ్లు కంప్యూటర్ బొమ్మలకు, యానిమేషన్‌కు సాఫ్ట్‌వేర్ రాసి, నడివయసు ముంగిట్లో మళ్లీ చదువుకు వచ్చి, అలన్ జాలర్ ప్రయోగశాలలో ఒక చిన్న నులిపురుగు జన్యువుల మీద పనిచేస్తున్నాడు. 1998లో క్రెయిగ్ వెంటర్ నాయకత్వంలో మొదలైన సెలెరా కంపెనీ ముందుగా కూర్పు పూర్తిచేస్తే మానవ జన్యువుల మీద పేటెంట్లు పెరిగిపోతాయని, అందరి సొత్తు కావలసిన జ్ఞానం కొందరి ఆస్తిగా మారుతుందని ఆయన ఆందోళన చెందాడు. 2000 మే నెలలో ఆయన తానే కూర్పు ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాడు. విశ్వవిద్యాలయం సమకూర్చిన సుమారు వంద పర్సనల్ కంప్యూటర్లను సమూహంగా కలిపి, రోజంతా టైపు చేసి వాచిన మణికట్లకు రాత్రిళ్లు ఐసుముక్కలు పెట్టుకుంటూ, నాలుగు వారాల్లో దాదాపు 10 వేల పంక్తుల ప్రోగ్రామును ఆయన పూర్తిచేశాడు. గిగ్‌అసెంబ్లర్ అని పేరు పెట్టిన ఈ ప్రోగ్రాము ముక్కల చివరల కలయికతో సరిపెట్టుకోకుండా, కణంలో జన్యువుల నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ వరుసలనూ, పెద్ద ముక్కల అమరికను చూపే పటాలనూ కూడా సాక్ష్యంగా తీసుకుని, బలమైన సాక్ష్యం ఉన్న అతుకును ముందు, బలహీనమైన దాన్ని తరువాత వేస్తూ ముందుకు సాగింది.

2000 జూన్ 22 నాటికి మానవ జన్యుసముదాయపు తొలి కూర్పు సిద్ధమైంది. సెలెరా తన కూర్పును మూడు రోజుల తరువాత ముగించింది. జూన్ 26న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఇరుపక్షాలనూ వేదిక మీద నిలబెట్టి ఈ విజయాన్ని ప్రకటించగలగడానికి ఒక విద్యార్థి శ్రమ కూడా కారణం. జూలై 7న శాంతాక్రూజ్ బృందం ఆ కూర్పును ఏ రుసుమూ లేకుండా, ఏ షరతూ లేకుండా ఇంటర్నెట్‌లో ఉంచింది. ఒక్క రోజులోనే ప్రపంచం నలుమూలల నుంచి దాదాపు అర టెరాబైటు సమాచారాన్ని శాస్త్రవేత్తలు దింపుకున్నారు. ఆనాటి ఇంటర్నెట్ వేగానికి అది అసాధారణమైన పరిమాణం. కెంట్ 2002లో పీహెచ్‌డీ పట్టా అందుకున్నాడు. అప్పటికే ఆయన, జన్యుపాఠాన్ని పటంలా తెరిచి చూపే జీనోమ్ బ్రౌజర్‌నూ, ఏ చిన్న వరుసనైనా జన్యుసముదాయంలో క్షణాల్లో వెదికి పట్టే బ్లాట్ అనే సాధనాన్నీ నిర్మించి ఉన్నాడు.

చదువు సాగే తీరు

కెంట్ విద్యార్థిగా ఉన్నప్పటికి పూర్తిగా రూపుదిద్దుకోని ఈ విద్య, ఇప్పుడు శాంతాక్రూజ్‌లో బయోమాలిక్యులర్ ఇంజినీరింగ్ విభాగం కింద జీవసమాచార శాస్త్రంతో కలిపి బోధిస్తున్న ప్రత్యేక పీహెచ్‌డీ కార్యక్రమం. ఇలాంటి కార్యక్రమాల్లో చేరేవారు సాధారణంగా రెండు దారుల్లో వస్తారు. జీవశాస్త్రం చదివి వచ్చిన వారికి సంభావ్యత, గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ కొరుకుడు పడవు. కంప్యూటర్ శాస్త్రం చదివి వచ్చిన వారికి ప్రయోగంలో దొర్లే దోషాలు, కణంలోని మినహాయింపులు, ఏ నియమానికీ లొంగని జీవుల వైవిధ్యం అంతుపట్టవు. మొదటి సంవత్సరం పాఠ్యక్రమం అంతా ఈ రెండు లోట్లనూ పూడ్చడానికే ఉద్దేశించినది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు విద్యార్థులు ఒకరికొకరు గురువులు కావడం ఈ తరగతులకే ప్రత్యేకమైన లక్షణం.

తరగతులతో పాటు మొదటి ఏడాదిలో విద్యార్థి కొద్ది నెలలకొకటి చొప్పున వేర్వేరు ప్రయోగశాలల్లో పనిచేస్తాడు. రొటేషన్ అని పిలిచే ఈ పద్ధతి వల్ల అయిదారేళ్ల పాటు ఎవరి పర్యవేక్షణలో, ఏ ప్రశ్న మీద పనిచేయాలో విద్యార్థి అనుభవం మీద నిర్ణయించుకోగలుగుతాడు. గైడుకు కూడా విద్యార్థి తీరు తెలుస్తుంది. ఆ తరువాత అర్హత పరీక్ష ఉంటుంది. తాను చేయబోయే పరిశోధన ప్రణాళికను అధ్యాపకుల సంఘం ముందు సమర్థించుకుని, వారి ప్రశ్నలకు నిలబడితేనే విద్యార్థి పీహెచ్‌డీ అభ్యర్థి అవుతాడు. ఆపై సాగే సంవత్సరాల్లో వారం వారం జరిగే ప్రయోగశాల సమావేశం, కొత్త పత్రాలను చీల్చి చెండాడే చర్చాగోష్ఠి, జూనియర్లకు బోధన, సమావేశాల్లో పోస్టర్ల ప్రదర్శన, పత్రిక సమీక్షకుల అభ్యంతరాలకు జవాబులు అతని కాలాన్ని పంచుకుంటాయి. అచ్చుకు ముందే పరిశోధన పత్రాన్ని బహిరంగంగా ఉంచే బయోఆర్కైవ్ 2013లో వచ్చాక, విద్యార్థి పని లోకం ముందుకు రావడానికి పట్టే కాలం బాగా తగ్గింది.

ఒక అక్షరానికి రెండు చిరునామాలు

ఈ చదువు విద్యార్థి నుంచి ఎంత జాగ్రత్తను కోరుతుందో ఒక్క అక్షరాన్ని దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లో ఎన్నో గిరిజన కుటుంబాలను బాధించే కొడవలి కణ రక్తహీనత, అంటే సికిల్ సెల్ వ్యాధి, 11వ క్రోమోజోములోని బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక అక్షరం మారడం వల్ల వస్తుంది. ఆ మార్పుతో హిమోగ్లోబిన్‌లో ఉండవలసిన గ్లుటామిక్ ఆమ్లం స్థానంలోకి వాలిన్ చేరి, ఎర్ర రక్తకణాలు ఆక్సిజన్ తగ్గినప్పుడు కొడవలి ఆకారంలోకి వంగిపోతాయి. 2013లో విడుదలైన ప్రామాణిక కూర్పులో ఆ అక్షరం స్థానం 52,27,002. అంతకు ముందు, 2009లో వచ్చిన కూర్పులో అదే అక్షరం 52,48,232వ స్థానంలో ఉండేది. అక్షరం మారలేదు, కూర్పు మెరుగైనప్పుడు దాని ముందున్న భాగాల పొడవులు మారడంతో లెక్క మారింది. ఏ పత్రం ఏ కూర్పును అనుసరించిందో చూడకుండా రెండు అధ్యయనాల ఫలితాలను కలిపిన విద్యార్థి వేల అక్షరాల దూరంలోని సంబంధం లేని చోటును వ్యాధికారణంగా చూపే ప్రమాదం ఉంది.

చిక్కులు అంతటితో ఆగవు. జీనోమ్ బ్రౌజర్ తెర మీద స్థానాలను ఒకటి నుంచి లెక్కిస్తుంది. అదే సమాచారాన్ని నిల్వచేసే బెడ్ అనే ఫైలు పద్ధతి మాత్రం ప్రారంభ స్థానాన్ని సున్నా నుంచి లెక్కిస్తుంది కాబట్టి, ఈ అక్షరం ఆ ఫైలులో 52,27,001 నుంచి 52,27,002 వరకు అని నమోదవుతుంది. పైగా బీటా గ్లోబిన్ జన్యువు డీఎన్‌ఏ జంటపోగుల్లో ప్రామాణిక పాఠానికి ఎదురుగా ఉన్న పోగు మీద ఉండడం వల్ల, జన్యువు వైపు నుంచి చూసేవారికి ఎ స్థానంలో టి వచ్చినట్టు, ప్రామాణిక పాఠం వైపు నుంచి చూసేవారికి టి స్థానంలో ఎ వచ్చినట్టు ఒకే మార్పు రెండు విధాలుగా కనిపిస్తుంది. ఇంత చిన్న విషయాల్లో పొరపాటు జరిగినా ప్రోగ్రాము ఎక్కడా ఆగదు, హెచ్చరించదు. తప్పు ఫలితాన్ని నిబ్బరంగా చేతికిస్తుంది. అందుకే ఈ రంగంలో మంచి విద్యార్థి, జవాబు తెలిసిన చిన్న ఉదాహరణ మీద తన ప్రోగ్రామును ముందు నడిపి చూస్తాడు. ప్రతి అంచెనూ రాసిపెట్టుకుంటాడు. తన లెక్కను ఇంకొకరు మొదటి నుంచి చేసినా అదే ఫలితం వచ్చేలా ప్రోగ్రామునూ సమాచారాన్నీ బహిరంగంగా ఉంచుతాడు.

పాతికేళ్ల పంట

తెరిచి ఉంచిన పాఠం మీద పనిచేయడానికి వచ్చిన తరువాతి తరాలు అనేక దిశల్లో విస్తరించాయి. శాంతాక్రూజ్‌లో పీహెచ్‌డీ చేసిన ఆడమ్ సీపెల్ రూపొందించి, సహచరులతో కలిసి 2005లో ప్రకటించిన ఫాస్ట్‌కాన్స్ పద్ధతి, ఎన్నో జీవుల జన్యుపాఠాలను పక్కపక్కన పేర్చి, పరిణామం కోట్ల ఏళ్లుగా మార్చకుండా కాపాడుకొస్తున్న భాగాలను గుర్తిస్తుంది. మార్పును సహించని భాగం ప్రాణానికి అవసరమైనదై ఉంటుందన్నది దీని వెనుక ఉన్న తర్కం. ఆ పద్ధతిలోనూ హిడెన్ మార్కోవ్ నమూనాయే పనిచేస్తుంది. పీహెచ్‌డీ ముగించి అక్కడికి వచ్చిన గిల్ బెజెరానో 2004లో, మనిషిలోను, ఎలుకలోను, చుంచులోను ఒక్క అక్షరం తేడా కూడా లేకుండా కనీసం 200 అక్షరాల పొడవున సాగే 481 భాగాలను బయటపెట్టాడు. అక్కడే పనిచేసిన కేథరిన్ పొలార్డ్ ఇదే తర్కాన్ని తిరగవేసి, ఇతర జీవుల్లో ఏ మార్పూ లేకుండా ఉండి మనిషిలో మాత్రం వేగంగా మారిన భాగాల కోసం వెదికింది. 2006లో ఆమె బృందం ప్రకటించిన తొలి భాగంలో 118 అక్షరాలున్నాయి; చింపాంజీకీ కోడికీ మధ్య అందులో తేడా రెండు అక్షరాలు కాగా, చింపాంజీకీ మనిషికీ మధ్య తేడా పద్దెనిమిది. పిండదశలో మెదడు రూపొందే సమయంలో ఆ భాగం చురుగ్గా ఉంటుందని తేలడంతో, మనిషిని మనిషిగా మలచిన మార్పుల అన్వేషణకు కొత్త ద్వారం తెరుచుకుంది.

చదివే యంత్రం విషయంలోనూ శాంతాక్రూజ్ పాత్ర పెద్దదే. అతి సన్నని రంధ్రం గుండా డీఎన్‌ఏ పోగును లాగుతూ, అది దాటేటప్పుడు విద్యుత్ ప్రవాహంలో కలిగే హెచ్చుతగ్గులను బట్టి అక్షరాలను పోల్చుకోవచ్చన్న నానోపోర్ ఆలోచనను డేవిడ్ డీమర్ 1989లో తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. తరువాత ఆయన శాంతాక్రూజ్‌కు వచ్చి, మార్క్ ఏక్సన్ తదితరులతో కలిసి దాన్ని ముందుకు నడిపాడు. ఆ విద్యుత్ సంకేతాలను అక్షరాలుగా మార్చడం కూడా ఒక గణన సమస్యే. అక్కడే పీహెచ్‌డీ చేసిన మిటెన్ జైన్ ప్రథమ రచయితగా 2018లో వెలువడిన పత్రం, ఈ పద్ధతిలో ఏకబిగిన 8 లక్షలకు పైగా అక్షరాలున్న ముక్కను చదవవచ్చని, అలాంటి పొడవాటి ముక్కలతో మానవ జన్యుసముదాయాన్ని కూర్చవచ్చని చూపింది. మళ్లీ మళ్లీ వచ్చే వరుసలను ఈ చివర నుంచి ఆ చివర దాకా దాటగల ముక్క చేతికి అందడంతో, కెంట్ కాలంలో అసాధ్యంగా మిగిలిన ఖాళీలు పూడ్చడానికి వీలయింది.

ఆ ఖాళీలు చిన్నవి కావు. తొలి కూర్పు ప్రకటించి ఇరవై ఏళ్లు గడిచినా జన్యుసముదాయంలో దాదాపు 8 శాతం చదవకుండానే ఉండిపోయింది. శాంతాక్రూజ్‌కు చెందిన కారెన్ మీగా, అమెరికా జాతీయ మానవ జన్యుసముదాయ పరిశోధన సంస్థకు చెందిన ఆడమ్ ఫిలిప్పీ నాయకత్వంలో వంద మందికి పైగా శాస్త్రవేత్తలు కలిసిన బృందం 2022లో ఆ లోటును తీర్చి, సుమారు 305 కోట్ల అక్షరాల సంపూర్ణ పాఠాన్ని వెలువరించింది. అందులో దాదాపు 20 కోట్ల అక్షరాలు కొత్తగా చేరినవి. ఆ పాఠంలో లేని వై క్రోమోజోము 2023లో పూర్తయింది. అదే ఏడాది శాంతాక్రూజ్‌కు చెందిన బెనెడిక్ట్ పాటెన్ తదితరుల భాగస్వామ్యంలో, 47 మంది జన్యుసముదాయాలను ఒకే వలలాంటి నిర్మాణంలో అల్లిన తొలి మానవ పాన్‌జీనోమ్ ముసాయిదా వచ్చింది. ఒక్క వ్యక్తి పాఠాన్నో, కొద్దిమంది పాఠాల కలగలుపునో మానవజాతి అంతటికీ కొలబద్దగా పెట్టుకునే పాత పద్ధతిలోని పక్షపాతాన్ని తగ్గించడం దాని ధ్యేయం.

కోవిడ్ కాలంలో ఈ శిక్షణ విలువ ప్రజారోగ్య రంగానికీ తెలిసివచ్చింది. రోజూ వేల సంఖ్యలో వచ్చిపడుతున్న వైరస్ జన్యుపాఠాల వంశవృక్షాన్ని ప్రతిసారీ మొదటి నుంచి గీయడం అసాధ్యమైన వేళ, అక్కడ పోస్ట్‌డాక్టోరల్ పరిశోధకుడిగా ఉన్న యతీష్ తురాఖియా, అధ్యాపకుడు రస్ కార్బెట్-డెటిగ్, వారి సహచరులు 2021లో ప్రకటించిన ఉషర్ అనే సాధనం కొత్త నమూనాను ఉన్న వృక్షంలోనే సరైన కొమ్మకు చేర్చే వీలు కల్పించింది. ఆ వృక్షం తరువాత కోటికి పైగా నమూనాలకు పెరిగి, కొత్త వేరియంట్లను గుర్తించడానికి ఎన్నో దేశాల్లో ఉపయోగపడింది.

విద్యార్థి చెల్లించే మూల్యం

ఇన్ని విజయాల పక్కన వాటి ఖరీదును కూడా నమోదు చేయడం న్యాయం. పీహెచ్‌డీ విద్యార్థికి అందే నెలవారీ భృతి బోధన సహాయకుడిగానో, పరిశోధన సహాయకుడిగానో చేసే పనికి ప్రతిఫలం. ఇళ్ల అద్దెలు అమెరికాలోనే అత్యధికంగా ఉండే ఊళ్లలో శాంతాక్రూజ్ ఒకటి కావడంతో, ఆ భృతిలో సగానికి పైగా అద్దెకే పోతుందని అక్కడి విద్యార్థులు ఆవేదన చెందారు. 2019 డిసెంబరులో నెలకు 1,412 డాలర్ల జీవన వ్యయ భత్యం కోరుతూ వివిధ విభాగాలకు చెందిన విద్యార్థులు పరీక్షల గ్రేడ్లు సమర్పించడం మానేశారు; మరుసటి ఫిబ్రవరిలో అది పూర్తి సమ్మెగా మారింది, యాభై మందికి పైగా బోధన కొలువులు కోల్పోయారు, వారిలో పలువురు తరువాత తిరిగి పొందారు. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ప్రాంగణాలన్నింటిలో కలిపి దాదాపు 48 వేల మంది విద్యార్థి ఉద్యోగులు, యువ పరిశోధకులు ఆరు వారాల పాటు చేసిన సమ్మె జీతాల పెంపుతో ముగిసింది. శాస్త్రం ముందుకు సాగడానికి మేధస్సు ఎంత అవసరమో, ఆ మేధస్సుకు తల దాచుకునే చోటు కూడా అంతే అవసరమని ఆ ఉద్యమాలు గుర్తుచేశాయి.

గణన జీవశాస్త్ర విద్యార్థికి మరో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. కొత్త సాధనం గురించి పత్రం రాస్తే పేరు వస్తుంది. ఆ సాధనాన్ని ఏళ్ల తరబడి బాగుచేస్తూ, వాడేవారి సందేహాలకు జవాబిస్తూ పోషిస్తే పేరు రాదు. ప్రపంచం రోజూ వాడుకునే ప్రోగ్రాము ఒక్కోసారి పట్టా పుచ్చుకుని వెళ్లిపోయిన విద్యార్థి సౌజన్యం మీదే బతుకుతుంది. జీనోమ్ బ్రౌజర్ రెండు దశాబ్దాలకు పైగా నిలిచిందంటే, దానికి ప్రభుత్వ నిధులతో శాశ్వత ఇంజినీర్ల బృందం ఏర్పడడమే కారణం. విద్యార్థి ఆరంభించిన పనిని సంస్థ తన బాధ్యతగా స్వీకరించడం శాంతాక్రూజ్ నేర్పే పాఠాల్లో ఒకటి.

తెలుగువారి పాఠం ఎక్కడుంది

మానవ వైవిధ్యాన్ని నమోదు చేయడానికి చేపట్టిన వెయ్యి జన్యుసముదాయాల ప్రాజెక్టు 2015లో తుది ఫలితాలు వెలువరించినప్పుడు, 26 జనసమూహాలకు చెందిన 2,504 మందిలో బ్రిటన్‌లో స్థిరపడిన 102 మంది తెలుగువారు కూడా ఉన్నారు. దక్షిణాసియా నుంచి ఎంచుకున్న ఐదు సమూహాల్లో తెలుగు ఒకటి. జన్యుశాస్త్ర పరిశోధకులందరికీ సుపరిచితమైన ఐటీయూ అనే మూడక్షరాల సంకేతం ఆ తెలుగువారిదే. ఏ దేశంలోని విద్యార్థి అయినా ఆ పాఠాలను ఉచితంగా దింపుకుని తన పద్ధతిని పరీక్షించుకోవచ్చు.

అయితే నూటరెండు మంది పాఠం తెలుగు సమాజపు వైవిధ్యాన్నంతటినీ ప్రతిబింబించలేదు. తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకుంటూ వచ్చిన సమూహాల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన అరుదైన జన్యుమార్పులు ఎక్కువ మందిలో కనిపిస్తాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రకటించిన అధ్యయనం, దక్షిణాసియాలోని ఎన్నో సమూహాల్లో ఈ ప్రభావం బలంగా ఉందని లెక్కలతో నిరూపించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని వైశ్య సమాజంలో, మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక కండర సడలింపు మందును శరీరం విచ్ఛిన్నం చేయలేని ఎంజైము లోపం ఇతరులకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువగా కనిపించడం అందుకు ఉదాహరణ. ఈ సంగతి ముందుగా తెలిసిన వైద్యుడు ఆపరేషన్‌కు ముందు ఒక ప్రశ్న అడిగి, మందు మార్చి ప్రమాదాన్ని నివారించగలడు. లెక్కగా మొదలైన జ్ఞానం శస్త్రచికిత్స గదిలో ప్రాణరక్షణగా మారే తీరు ఇదే.

ఈ పని చేయడానికి కావలసిన పునాది తెలుగు నేల మీద ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వ్యవస్థా, గణన జీవశాస్త్ర విభాగం ఉంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో బీటెక్‌తో పాటు పరిశోధన ఎంఎస్ కలిసిన గణన ప్రకృతిశాస్త్రాల ఐదేళ్ల కోర్సు ఉంది. సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ వంటి పరిశోధన సంస్థలు ఉన్నాయి. దేశవ్యాప్తంగా దాదాపు పది వేల మంది జన్యుపాఠాలను సేకరించిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో సీసీఎంబీ భాగస్వామి. ఆ సమాచారాన్ని 2025 జనవరి నుంచి ఫరీదాబాద్‌లోని భారతీయ జీవసమాచార కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. కంప్యూటర్ శాస్త్రం చదివే తెలుగు యువత సంఖ్యకు కొదవ లేదు. వారిలో కొందరైనా జీవశాస్త్ర ప్రశ్నల వైపు మళ్లేలా డిగ్రీ స్థాయిలోనే రెండు విభాగాల మధ్య గోడలు తీసివేయడం, ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ అని విడిపోయిన దారులను విశ్వవిద్యాలయంలో మళ్లీ కలపడం ఇప్పుడు జరగవలసిన పని.

శాంతాక్రూజ్ అనుభవాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోవలసిన అవసరం లేదు, దాని సారాన్ని గ్రహిస్తే చాలు. అక్కడ ఖరీదైన ఆస్పత్రి లేదు, పేరుమోసిన వైద్య కళాశాల లేదు. సాధారణ కంప్యూటర్ల సమూహం, రెండు శాస్త్రాలు తెలిసిన విద్యార్థులు, వారి చేతికి పెద్ద ప్రశ్నను అప్పగించడానికి జంకని గురువులు ఉన్నారు. ఫలితాన్ని తాళం వేసి దాచుకోకూడదన్న నియమాన్ని వారంతా పాటించారు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు పరిశోధక విద్యార్థికి సకాలంలో భృతిని, రొటేషన్ వంటి స్వేచ్ఛను, స్థానిక వ్యాధుల నుంచి పుట్టిన అసలైన సమస్యలను ఇచ్చి, అతను రాసిన ప్రోగ్రామును సంస్థ ఆస్తిగా పోషించగలిగితే, కొడవలి కణ వ్యాధికి గానీ, మందుల ప్రతికూల ప్రభావాలకు గానీ సంబంధించిన తరువాతి ముఖ్యమైన లెక్క ఉస్మానియాలోనో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో పూర్తికావడానికి అడ్డేమీ ఉండదు. ఆ అవకాశాన్ని విద్యార్థి చేతికి ఇవ్వడమే విశ్వవిద్యాలయాల కర్తవ్యం.